ముక్కు జోలికి వెళ్ళకండి

మా ఆయన మడి కట్టుకున్నారంటే నేను కూడా ఆమడ దూరాన ఉండాల్సిందే. పెళ్ళయిన కొత్తలో దానికి ఏడుపొచ్చేది, తర్వాత నవ్వొచ్చేది, ఆ తర్వాత అలవాటైపోయింది. బందరులో తద్దినం వంటంటే బుచ్చిబాబుగారే. ఈడేపల్లిలో అయినా, చిలకలపూడిలో అయినా, ఇటు గుడివాడలో, అటు అవనిగడ్డలో అయినా, పెద్దవాళ్ళ తిథి వస్తోందంటే ముందు మా ఇంటికే కబురొచ్చేది. తడిపంచె కట్టుకుని పొయ్యి ముందు నుంచున్నాక, పితృదేవతల తరఫున భోజనానికి కూర్చునే భోక్తలు తిని లేచేదాకా ఆయన్ని ఎవరూ తాకకూడదు. తాకారా, మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుని, మళ్ళీ తడిబట్ట కట్టుకుని రావాలి.

ఇంకో నియమం ఉంది. మా బతుకు తలకిందులైంది దానివల్లే కాబట్టి తెలియనివాళ్ళకి చెప్తున్నాను. తద్దినం వంట పితృదేవతలకి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వండేవాడు కూడా. ఉప్పు సరిపోయిందో లేదోనని నాలిక మీద ఒక్క చుక్క వేసుకున్నా అది ఎంగిలి. బాగా పట్టింపు ఉన్నవాళ్ళైతే వాసన చూసినా ఎంగిలే అంటారు. మా మరిది చిన్నబాబు ఆ బాపతు. అతను పురోహితుడు. తమ్ముడి మంత్రం, అన్నగారి వంట, అలా ఇద్దరూ జంటగా తిరిగేవాళ్ళు. ఒకసారి గుడివాడలో ఎవరింట్లోనో కొత్తకోడలు పరమాన్నం గిన్నె దగ్గరికొచ్చి, "అబ్బ, యాలకులు ఎంత ఘుమఘుమలాడుతున్నాయో!" అని గుండెల నిండా పీల్చిందట. చిన్నబాబు ఆ గిన్నెడు పరమాన్నం ఆవుకి పెట్టించి మళ్ళీ వండించాడు. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చిందని మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు. నేనే ఆ కోడల్నైతే ఆ గిన్నె చిన్నబాబు నెత్తిన బోర్లించేదాన్ని.

రుచి చూడకుండా అంత వంట ఎలా కుదురుతుందని అందరికీ ఆశ్చర్యమే. "బుచ్చిబాబుగారి చేతి కొలత అలాంటిదండీ" అనేవాళ్ళు. చేతి కొలతా లేదు, కాలి కొలతా లేదు. అంతా ముక్కే. ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదని మా నమ్మకం. మజ్జిగపులుసు పొంగు రాబోయే ముందు ఆ ఆవిరిలో నుంచుని ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. గిన్నె మీదికి వంగరు, ఎగబీల్చరు. కళ్ళు తెరిచి, చిటికెడు ఉప్పు వెయ్యాలంటే వేస్తారు, లేదంటే దింపేస్తారు. ఉప్పు తగ్గితే ఆవిరి పచ్చిగా వస్తుందట, సరిపోతే గుండ్రంగా వస్తుందట. వాసన గుండ్రంగా ఉండడమేమిటో నాకు ఈ జన్మకి అర్థం కాలేదు.

"ఆవిరి తనంతట తాను వస్తే నేనేం చెయ్యనే?" అనేవారు, నేనేదో నిలదీసినట్టు. "చిన్నబాబుకి మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే నాన్న తద్దినాలన్నీ ఎంగిలి పెట్టానంటాడు."

ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. వాళ్ళ నాన్నగారు కూడా వంటవారే. ఆయన దగ్గరే ఈయన నేర్చుకున్నారు. ఆ తండ్రికి ఏడాదికోసారి పెట్టే నాలుగు మెతుకులు ఎంగిలివి అన్న మాట ఎవరి నోటినుంచైనా వింటే ఆయన తట్టుకోలేరు. అందులోనూ తమ్ముడి నోటినుంచి వింటే ఇంక బతకరు.

తొంభై ఎనిమిదిలో మొదలైంది. అందరికీ జబ్బు తలనొప్పితోనో జ్వరంతోనో వస్తుంది. ఈయనకి మైలతో వచ్చింది. వంట మధ్యలో ఎవరో ఒకరు తగిలేవారు. కూరలు తరిగే మనిషి, నీళ్ళు తెచ్చే మనిషి, విస్తళ్ళు పట్టుకెళ్తున్న ఇంటి యజమాని. తగలగానే ఈయన గయ్యిమనేవారు, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని. మళ్ళీ స్నానం, మళ్ళీ తడిబట్ట. "లోకంలో ఎవడికీ మడీ లేదు, ఆచారం లేదు, మీద పడిపోతున్నారే" అని ఇంటికొచ్చి చిందులు తొక్కేవారు. నేనూ సరేనన్నాను. తర్వాత అవనిగడ్డలో ఒకరింట్లో, వడ్డనకి సిద్ధంగా కూర్చున్న భోక్తగారి భుజం మీదే నెయ్యి గిన్నెతో తూలి పడ్డారు. "పక్కనే ఇంత మనిషిని కూర్చుంటే కనపడలేదటండీ!" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. కార్యం చెడింది. ఆ సాయంత్రం బస్సులో కృష్ణ మీద పులిగడ్డ వంతెన దాటుతుంటే మా ఆయన కిటికీ పక్కనే కూర్చుని, "కృష్ణ వచ్చిందా?" అని అడిగారు.

అప్పుడు నాకు అర్థమైంది. ఎదురుగా ఉన్నది చూస్తున్నారు, పక్కనున్నది చూడటం లేదు. కళ్ళకి గంతలు కట్టిన జట్కా గుర్రం చూసినట్టే. మీద పడుతున్నది లోకం కాదు, ఈయనే.

గుడివాడలో కంటి డాక్టరు రెండు పక్కలా వేళ్ళు ఆడించి చూసి, "ఇది కళ్ళజోడుతో పోయేది కాదండీ, తలకి స్కానింగు తీయించండి" అన్నాడు. చిన్నబాబుకి బెజవాడలో తెలిసినవాళ్ళున్నారు. అతనే వెంటబడి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పట్టింపు సంగతి ఎలా ఉన్నా అన్నగారంటే ప్రాణం అతనికి. ఆ మాట నేను ఒప్పుకోవాలి.

పెద్ద డాక్టరుగారు ఆ నల్లటి ఫిల్ము వెలుతుర్లో పెట్టి చూపించారు. మెదడు కింద, సరిగ్గా ముక్కుకి వెనకాల, శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందిట. పిట్యూటరీ అంటారుట. దాన్నుంచి గడ్డ లేచింది. కేన్సరు కాదు. ఆ మాట వినగానే నెత్తిన పాలు పోసినట్టయింది. కానీ అది పైకి పెరిగి పెరిగి, రెండు కళ్ళ నరాలు కలిసే చోటుని కిందనుంచి నొక్కేస్తోంది. అందుకే పక్కలు చీకటైపోయాయి. అలాగే వదిలేస్తే మధ్యలో ఉన్న ఆ కాస్త చూపూ పోతుంది.

"తీసెయ్యాలి. దానికి రెండు దార్లున్నాయి" అన్నారు డాక్టరుగారు. "ఒకటి కిందనుంచి. పై పెదవి లోపల చిన్న గాటు పెట్టి, ముక్కులోంచి వెనక్కి వెళ్తాం. తల తెరవక్కర్లేదు, తొందరగా కోలుకుంటారు. రెండోది పైనుంచి. నుదుటి దగ్గర పుర్రె తెరిచి, మెదడు కిందుగా వెళ్ళి తియ్యాలి. మీ గడ్డ చూశారా, ఆనపకాయలా ఉంది. కింద లావు, నడుం సన్నం, పైన మళ్ళీ లావు. ముక్కులోంచి వెళ్తే కిందిది తేలిగ్గా వస్తుంది. పైది దానంతటది దిగితే అదృష్టం. దిగకపోతే ఇంకోసారి పైనుంచి వెళ్ళాలి. అయినా నేనైతే ముందు ముక్కులోంచే ప్రయత్నిస్తానండీ."

చిన్నబాబు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "తల కొయ్యక్కర్లేదు కదా, అదే చెయ్యండి సార్" అన్నాడు.

"వద్దు" అన్నారు మా ఆయన.

అందరం ఆయన వైపు చూశాం.

"ముక్కు జోలికి వెళ్ళకండి డాక్టరుగారూ. తల పగలగొడతారా, పగలగొట్టండి. ముక్కు మాత్రం ముట్టుకోకండి."

డాక్టరుగారు నవ్వారు. "ఇన్నేళ్ళలో తల వద్దు ముక్కు చాలు అన్నవాళ్ళనే చూశాను. ముక్కు వద్దు తల తెరవమన్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. ఎందుకండీ?"

మా ఆయన నోరు తెరిచారు. చెప్పేస్తారనుకున్నాను. ఆయన కుడిపక్క చిన్నబాబు నుంచున్నాడు. ఆ పక్క ఆయనకి కనపడదు, అయినా తమ్ముడక్కడున్నాడని తెలుసు. నోరు మూసేసుకున్నారు. నా చెయ్యి మాత్రం బల్ల కింద ఎముకలు నలిగేలా పట్టుకున్నారు. నువ్వూ నోరెత్తకు అని దానర్థం.

"భయమండీ" అన్నారు చివరికి. "ముక్కంటే నాకు భయం."

"ఇదేం భయం అన్నయ్యా?" అని చిన్నబాబు బతిమాలాడు, కోప్పడ్డాడు. డాక్టరుగారు కూడా నచ్చజెప్పి చూశారు. ఈయన కదల్లేదు. చివరికి డాక్టరుగారే, "సరే, ఈ గడ్డకి పైనుంచి వెళ్ళడమూ తప్పేమీ కాదు. కంటి నరాల్ని ఎదురుగా చూస్తూ పని చెయ్యొచ్చు. మీరంతగా అంటే అలాగే చేద్దాం" అన్నారు.

బయటికొచ్చాక నేను కూడా పల్లెత్తు మాటనలేదు. ఎందుకంటారా? నాకూ అదే సబబనిపించింది కాబట్టి. ముక్కులోంచి కత్తులూ కటార్లూ దూరిస్తే ముక్కు మిగులుతుందా? వాసన ముక్కులో కాక ఇంకెక్కడుంటుంది? ఇద్దరం అంతే అనుకున్నాం. అంత చదువుకున్న డాక్టరుగారికైనా, ముక్కు వద్దంటున్న మనిషి వాసన కోసం వద్దంటున్నాడని ఎలా తడుతుంది? మామూలు మనిషైతే కళ్ళ గురించి అడుగుతాడు, ప్రాణం గురించి అడుగుతాడు.

ఆపరేషనుకి రోజు ఖాయం చేశారు. అంతదాకా ఇంట్లో నరకమే. చూపు రోజురోజుకీ ఇరుకైపోతోంది. గోడ పట్టుకుని నడిచేవారు. కంచంలో మెతుకులు కంచం బయట వెతుక్కునేవారు. ఒకరోజు వసారాలో కూర్చుని, "కళ్ళు పోయినా ఫర్వాలేదే. నువ్వు పొయ్యి వెలిగించి పెడితే, ఆవిరి తగిలే చోట నుంచుని వండేస్తాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"కాగే నూనె ఏ పక్కనుందో కనపడనివాడు గారెలు వేస్తాడటా? ఎవరో తగిలితే మైల అని గోల పెట్టేవారు, రేపు మీరే ఊరందరికీ తగులుతారు. ఎవరు రానిస్తారు మిమ్మల్ని గుమ్మంలోకి?" అన్నాను. అనేసి లోపలికెళ్ళి ఏడ్చాను. మాకు పిల్లల్లేరు. ఆయనకి వంట, నాకు ఆయన. ఏది పోయినా రెండోది నిలవదు.

ఆపరేషను కోసం ఆసుపత్రిలో చేరిన మర్నాడు తెల్లవారుజామున ఒక్కసారిగా "అమ్మా" అని తల పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నారు. వాంతులు. నేను గిన్నె పట్టుకుని ఎదురుగా నుంచుంటే, "లలితా, ఎక్కడున్నావే? దీపం తీసేశారా?" అన్నారు. గదిలో ట్యూబులైటు భగభగా వెలుగుతోంది.

నేను ఎదురుగానే ఉన్నానండీ అన్నాను. చెయ్యి చాచారు. ఆ చెయ్యి నా మొహం పక్కనుంచి ఖాళీలోకి వెళ్ళిపోయింది.

డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. మళ్ళీ స్కానింగు. గడ్డలో రక్తం చిమ్మి ఉబ్బిపోయిందన్నారు, ఇంక ఆగడానికి లేదు, ఇవాళే చెయ్యాలన్నారు. మంగలి వచ్చి తల గొరుగుతున్నాడు. చిన్నబాబు అన్నగారి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో జపిస్తున్నాడు. పెద్ద డాక్టరుగారి కింద పనిచేసే డాక్టరమ్మ సరోజినిగారు నన్ను వరండాలోకి పిలిచారు.

సంతకం పెట్టేముందు అన్నీ చెప్పాలి కదా అని ఆవిడ నెమ్మదిగా ఒక్కొక్కటీ చెప్తున్నారు. ప్రాణానికి ప్రమాదం ఉండొచ్చు. ఫిట్సు రావచ్చు. కొన్నాళ్ళు దాహం ఎక్కువగా వెయ్యచ్చు. మందులు జీవితాంతం వాడాల్సి రావచ్చు. నేను తలాడిస్తున్నాను, ఒక్కటీ బుర్రకెక్కడం లేదు.

"వాసన తెలియకుండా పోవచ్చు" అన్నారావిడ, అదే గొంతుతో.

"ఏంటమ్మా?"

"వాసనండీ. పైనుంచి వెళ్ళేటప్పుడు మెదడుని కొంచెం ఎత్తి పట్టుకోవాలి. వాసన నరాలు సరిగ్గా దాని కిందే ఉంటాయి. సన్నటి దారాల్లా ఉంటాయి, తెగిపోవచ్చు. చాలామందికి అది పెద్ద ఇబ్బందిగా అనిపించదు, కళ్ళతో పోలిస్తే."

"మీరు ముక్కు ముట్టుకోరు కదమ్మా!"

"ముక్కు ముట్టుకోం. నరాలు ముక్కు పైకప్పులోంచి మెదడులోకి వెళ్తాయి. మేం వెళ్ళేది ఆ దారినే."

"మరి ముక్కులోంచి చేస్తే?"

"ముక్కులోంచైతే చాలామందికి వాసన నిలుస్తుందండీ. కొన్నాళ్ళు మొద్దుబారి, మళ్ళీ వస్తుంది."

అక్కడే గోడకి చేరబడి కూలబడిపోయాను. ఏ ముక్కునైతే కాపాడుకోవాలని తల పగలగొట్టమన్నాడో మహానుభావుడు, ఆ తలలోంచే అది పోతుందట. ఏడవాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఆవిడ చేతులు పట్టుకుని మొత్తం చెప్పేశాను. తద్దినం వంట, ఎంగిలి, ఆవిరి, చిన్నబాబు, అన్నీ. ఆవిడ ఒక్కసారి కూడా నవ్వకుండా విని, వెళ్ళి పెద్ద డాక్టరుగారిని తీసుకొచ్చారు.

ఆయన నా ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. "ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే నేను ముక్కులోంచే వెళ్ళేవాణ్ణమ్మా. రెండోసారి అవసరమైతే అప్పుడు చూసుకునేవాళ్ళం, టైముండేది" అన్నారు. "ఇప్పుడు పరిస్థితి వేరు. రక్తం చిమ్మింది పై భాగంలో. నడుం సన్నంగా ఉంది కాబట్టి కిందనుంచి వెళ్తే ఆ పైది దిగుతుందని నేను మాటివ్వలేను. దిగకపోతే మీ ఆయన కళ్ళు రెండో ఆపరేషను దాకా ఆగవు. పైనుంచి వెళ్తే కంటి నరాల మీద ఒత్తిడి ఇవాళే తీసెయ్యగలను. వాసన నరాలు కాపాడటానికి చూస్తాను, కానీ ఇంత పెద్ద గడ్డతో ఆశ పెట్టుకోవద్దు. మీరు ముక్కులోంచే అంటే అలాగే మొదలుపెడతాను. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పాలి."

"ఆయన్ని అడుగుతానండీ" అన్నాను.

లోపలికెళ్ళాను. గుండు గీసిన తలతో ఆయన చిన్నపిల్లాడిలా ఉన్నారు. మత్తుగా ఉన్నారు, నా అడుగుల చప్పుడు మాత్రం పోల్చుకున్నారు. "లలితా, ముక్కు ముట్టుకోవద్దని మళ్ళీ ఒకసారి చెప్పావా?" అన్నారు.

అడిగితే ఏమంటారో నాకు తెలుసు. ముక్కులోంచే చెయ్యమంటారు. కళ్ళు పోయినా ఫర్వాలేదంటారు. వసారాలో అన్నమాటే మళ్ళీ అంటారు. చూపు లేని ఆ మనిషి వసారాలో కూర్చుని, ఊళ్ళో ఎవరింటి పొగ ఎటునుంచి వస్తోందో వాసన పట్టుకుంటూ, పిలుపు కోసం ఎదురుచూస్తూ ముసలివాడవడం నా కళ్ళకి కట్టింది. ఆ చెయ్యి మళ్ళీ నా మొహం కోసం వెతికి, దొరక్క, దుప్పటి మీద పడింది.

"చెప్పానండీ. ముట్టుకోరట" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. బయటికొచ్చి, పైనుంచే చెయ్యండని సంతకం పెట్టాను. దేవుడా, ఆ నరాలు తెగకుండా చూడు అని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కాను. ఇదీ కావాలి, అదీ కావాలి అని ఏడిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆపరేషనయిన మర్నాటి మర్నాడు కట్లలోంచి కళ్ళు తెరిచి, "నీ ఎడమ ముక్కుపుడక రాయి ఊడిపోయింది" అన్నారు. అది ఊడి రెండేళ్ళయింది. నేను నవ్వుతూనే ఏడ్చాను. చిన్నబాబు కుడిపక్కకొచ్చి నుంచుంటే తల తిప్పకుండానే, "జందెం కనపడుతోందిరా, చొక్కా గుండీలు పెట్టుకో" అన్నారు. చిన్నబాబు వరండాలోకి పరుగెత్తి స్తంభం చాటున ఏడ్చాడు.

చూపు వచ్చింది. చెవినుంచి చెవిదాకా నుదుటి మీద పెద్ద మచ్చ మిగిలింది. వాసన రాలేదు.

మొదట మందుల మొద్దుతనమనుకున్నారు. తర్వాత జలుబనుకున్నారు. ఇంటికొచ్చాక ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టేవారు, కర్పూరం నలిపి చూసేవారు, సాంబ్రాణి పొగలో కళ్ళలో నీళ్ళు కారేదాకా కూర్చునేవారు. "ముక్కు ముట్టుకోలేదుగా, వస్తుందిలే" అనేవారు నాకే ధైర్యం చెప్తున్నట్టు. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. బెజవాడ మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు సరోజినిగారు నన్ను పక్కకి పిలిచి, ఇంతకాలానికి రాలేదంటే ఇంక రానట్టేనన్నారు. ఆ మాట నేను చీర కొంగులో మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పిలుపులు వస్తూనే ఉన్నాయి. "ఒంట్లో ఇంకా కుదురుకోలేదండీ" అని ఆయనే తిప్పి పంపేవారు.

మాఘమాసంలో మా మామగారి తిథి వచ్చింది. దాన్ని ఎవరి చేతుల్లోనో ఎలా పెడతారు? తెల్లవారగానే నూతి దగ్గర స్నానం చేసి, తడిపంచెతో పొయ్యి ముందు నుంచున్నారు. నేనూ మడి కట్టుకుని అందిస్తున్నాను. అరటికాయ అయింది, కంద అయింది, గారెలు దోరగా వేగాయి. చూపుతో అయ్యే పనులన్నీ అయ్యాయి. ముందుగదిలో చిన్నబాబు దర్భలు సర్దుకుంటున్నాడు. భోక్తలు వచ్చే వేళ.

మజ్జిగపులుసు మరగబోతోంది. ఆవిరి లేచింది. ఆయన దాని ఎదురుగా నుంచుని కళ్ళు మూసుకున్నారు.

ఎప్పుడూ ఒక్క క్షణమే. ఈసారి తెరవలేదు. ఆవిరి మొహమంతా కమ్మేసింది, మచ్చ మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా తెరవలేదు. పులుసు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది. అప్పటికీ తెరవలేదు. నేను మంట తగ్గించాను.

"ఏమీ చెప్పట్లేదే" అన్నారు కళ్ళు మూసుకునే. "నాన్న తద్దినం లలితా. ఉప్పెంతో తెలియట్లేదే. ఏమీ లేదే అక్కడ. వేడినీళ్ళ ముందు నుంచున్నట్టుందే."

ఆయన చెయ్యి ఉప్పు జాడీలోనే ఉండిపోయింది. ఇంక నావల్ల కాలేదు. గరిటెతో పులుసు తీసి, అరచేతిలో పోసుకుని, ఆయన చూస్తుండగానే నాలికకి రాసుకున్నాను.

"ఉప్పు చాల్లేదు" అన్నాను.

"ఎంత పని చేశావే!"

"ఏం చెయ్యమంటారు? మీకు ఇంక వాసన రాదు. సరోజినిగారు చెప్పేశారు. తల తెరిస్తే పోతుందని ఆపరేషను ముందే నాకు చెప్పారు. ముక్కులోంచి చేస్తే ఉండేదట. కళ్ళు మాత్రం నమ్మకం లేదన్నారు. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరేమంటారో తెలుసు కాబట్టే అడగలేదు. నాకు మీ కళ్ళు కావాలి. తిట్టుకోండి, కొట్టండి, నాకు మీ కళ్ళే కావాలి."

ఆయన నా వైపే చూస్తున్నారు. తిట్టలేదు. తర్వాత తల ఇటూ అటూ తిప్పకుండానే, "చిన్నబాబూ, గుమ్మం దగ్గరే ఆగిపోయావేం? రా" అన్నారు.

నేను గిర్రున తిరిగాను. వంటింటి గుమ్మానికి కుడిపక్కన చిన్నబాబు దర్భలు పట్టుకుని నుంచున్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో, అంతా విన్నాడని మొహంలోనే తెలుస్తోంది. నా అరచేయి ఇంకా తడిగానే ఉంది.

"వదినని ఏమనకురా" అన్నారు మా ఆయన. "ఎంగిలి ఇవాళ కొత్తగా అయింది కాదు. నేను వాసన చూసే వండుతాను. మొదట్నుంచీ అంతే. నాన్నకి పెట్టినవన్నీ వాసన చూసి పెట్టినవే."

"తెలుసన్నయ్యా" అన్నాడు చిన్నబాబు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆవిరి రాగానే నువ్వు కళ్ళు మూసుకుంటావు. నాన్న కూడా అంతే, కళ్ళు మూసుకునేవారు. నేను అటు చూడకుండా వచ్చేసేవాణ్ణి." అన్నగారి నుదుటి మచ్చ వైపు చూశాడు. "అందుకేనా ఆ రోజు ముక్కు వద్దన్నావు? అందుకేనా? మరి డాక్టరుతో ఆ ఒక్క మాట చెప్పలేదేం అన్నయ్యా?"

మా ఆయన జాడీలోంచి ఉప్పు తీసి, పిడికిలి మూసుకున్నారు.

"నువ్వు పక్కనే ఉన్నావురా" అన్నారు.

చిన్నబాబు చేతిలో దర్భలు జారి నేల మీద పడ్డాయి. వాటిని తియ్యడానికి వంగినవాడు వంగినట్టే గుమ్మంలో కూర్చుండిపోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మడిలో ఉన్న మనిషి, కార్యం చేయించాల్సిన మనిషి. అతన్ని ఓదార్చడానికి మేమిద్దరం వెళ్ళి తాకడానికి కూడా లేదు.

వీధి తలుపు చప్పుడైంది. భోక్తలు కాళ్ళు కడుక్కుంటున్నారు. చిన్నబాబు మొహం తుడుచుకుని లేచాడు. పులుసు గిన్నె వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు.

"వదిన చెప్తారు, ఉప్పు వేసెయ్యి అన్నయ్యా. వేళయిపోతోంది" అని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన గిన్నె మీద పిడికిలి కొంచెం వదులు చేశారు. ఉప్పు రాలింది. నా మొహంలోకి చూశారు.

"చాలా?" అన్నారు.

గరిటె మళ్ళీ ముంచి, చేతిలో పోసుకుని చూశాను.

"ఇంకొంచెం" అన్నాను.